రంగు ఫ్లడ్‌లైట్ల మార్పిడి: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం.

ఆవరణలోని 18 రంగుల ఫ్లడ్‌లైట్లను తయారీదారు క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని కంపెనీ సర్వర్) నుంచి విడదీసి, మన కార్యాలయంలో ఉన్న చిన్న కంప్యూటరు అదుపులోకి తెచ్చే పని పూర్తయింది. సర్వసభ్య సమావేశంలో మాట ఇచ్చిన ప్రకారం లెక్క మీ ముందు పెడుతున్నాం. ఇంటి వైశాల్యాన్ని బట్టి చందా మారింది కాబట్టి, ఎవరు ఎంత కట్టారో బయటపడకుండా అంకెలను పాళ్ళలో ఇస్తున్నాం. రావలసిన మొత్తం చందాను 100 పాళ్ళు అనుకోండి. అసలు మొత్తాలు, రశీదులు, వోచర్లు కార్యాలయంలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు. లెక్క చూపించరని చాటుగా అన్నవారు కూడా రావచ్చు.

జమ

సభ్యుల చందా: 87 పాళ్ళు
సాధారణ నిధి నుంచి అప్పు: 5 పాళ్ళు
మొత్తం జమ: 92 పాళ్ళు

పిలుపు అందగానే కట్టినవారికి, అద్దెకు ఉంటూ కూడా యజమానుల కోసం ఎదురు చూడకుండా కట్టినవారికి కృతజ్ఞతలు. రావలసిన 13 పాళ్ళ సంగతి చివర్లో చెబుతాం.

ఖర్చు

1. చిన్న సర్వర్ (కార్యాలయంలోని ఆ కంప్యూటరే), దాని ఎస్‌ఎస్‌డీ (సమాచారం దాచే డిస్కు), బ్యాటరీ బ్యాకప్: 22 పాళ్ళు. దీని మీద దీపాలను అదుపు చేసే హోమ్ అసిస్టెంట్ నడుస్తోంది. 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, దానికి మనం కట్టింది ఏమీ లేదు. మెమరీ కార్డు చాలదా అని అడిగారు. ఈ సాఫ్ట్‌వేర్ రాత్రింబవళ్ళు ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది, ఆ రాతలకు కార్డులు త్వరగా అరిగిపోతాయి. ఇంట్లో పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోయేది కదా అన్నారు. సరిపోయేదే. కానీ ఎవరూ తెచ్చి ఇవ్వలేదు.

2. ఆరుబయట వైఫై పరికరం, కేబులు, బిగింపు: 14 పాళ్ళు. ఈ దీపాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే పనిచేస్తాయి. పైగా వాటివి లోహపు డబ్బాలు. వెనక గోడ మూలకు సిగ్నల్ అందేది కాదు. ఒక సభ్యుడు తమ ఇంట్లోని పాత రూటర్ విరాళంగా ఇస్తామన్నారు. ఆ మాట మీద చాలాకాలం ఆగాం. చివరికి రూటర్ వచ్చింది గాని, దాని అడాప్టర్ రాలేదు. ఇంతా అయ్యాక కొత్తది ఎందుకు కొన్నారని అడిగింది కూడా ఆయనే.

3. సీరియల్ అడాప్టర్ (కంప్యూటరును దీపం చిప్‌కు కలిపేది), క్లిప్పులు, విడి మాడ్యూళ్ళు (చిప్ ఉన్న చిన్న పలకలు), సర్వర్‌కు గడియారం చిప్: 3 పాళ్ళు. గడియారం చిప్ ఎందుకంటే, కరెంటు చాలాసేపు పోయి బ్యాకప్ కూడా అయిపోయి, ఆ సమయానికి ఇంటర్నెట్ కూడా లేకపోతే సర్వర్‌కు టైము తెలియదు. టైము తెలియకపోతే సూర్యాస్తమయం తెలియదు. మన అక్షాంశ రేఖాంశాలను బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయాలను అది తనంతట తానే లెక్కగడుతుంది. దానికి కావలసిందల్లా సరైన గడియారం, అది గుండీ బ్యాటరీతో తీరిపోయింది.

4. సెట్టింగులు, మొదటి విడత 10 దీపాల మార్పిడి, మజూరీ: 12 పాళ్ళు. దీని మీద ఎవరూ ఏమీ అనలేదు.

5. రెండో విడత 8 దీపాలు దించడం, తిరిగి ఎక్కించడం: 13 పాళ్ళు.

6. ఆ 8 దీపాలకు సోల్డరింగ్, ఫర్మ్‌వేర్ (దీపం చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) పని: 6 పాళ్ళు.

7. నీరు చొరకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు, సిలికాన్, కేబుల్ గ్లాండ్లు (తీగ లోపలికి వెళ్ళేచోట బిగించేవి): 9 పాళ్ళు.

8. ఇన్సులేషన్ పరీక్ష, ఎర్త్ లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసేది): 10 పాళ్ళు.

మొత్తం ఖర్చు 89 పాళ్ళు. మిగులు 3 పాళ్ళు.

చివరి నాలుగు పద్దులు కలిపి 38 పాళ్ళు. గొడవంతా ఈ 38 మీదే. "ఎనిమిది దీపాలకు ఇంతా? దాంతో కొత్తవే వచ్చేవి" అన్న మాట లిఫ్టులోనూ మెట్ల మీదా చాలాసార్లు విన్నాం. సమావేశంలో మాత్రం ఎవరూ అడగలేదు. అయినా జవాబు చెప్పవలసిన బాధ్యత మాది కనుక చెబుతున్నాం.

అసలు మార్పిడి ఎందుకో ముందు గుర్తుచేయాలి. పాత పద్ధతిలో మీరు ఫోనులో నీలం నొక్కితే, ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్ళి అక్కడి నుంచి మన గోడ మీది దీపానికి వచ్చేది. ఇంటర్నెట్ ఆగిన రాత్రి ఎవరూ దాన్ని ఆర్పలేకపోయేవారు. ఉదయం ఎండలో కూడా వెలుగుతున్న దీపాల ఫొటోలు పెట్టి కమిటీని తిట్టినవారిలో ఇప్పుడు ఖర్చు గురించి అడుగుతున్నవారూ ఉన్నారు. అన్నిటికీ మించి, యాప్ ఖాతా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన పాత సభ్యుడి పేర ఉండేది. ఆయన ఎక్కడ ఉన్నా మన ఆవరణ రంగు మార్చగలిగేవారు. మార్చారని అనడం లేదు.

కంపెనీ సర్వర్ ఎల్లకాలం ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఇంటి పరికరాలను అదుపు చేసే రివాల్వ్ అనే హబ్‌ను 2016 మేలో ఆపేశారు, కొన్నవారి చేతిలో పనికిరాని డబ్బా మిగిలింది. అమెరికాలోని లోస్ సంస్థ అలాంటిదే అయిన తన ఐరిస్ సేవను 2019 మార్చి 31న మూసేసింది. 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పరికరాలే అమ్మిన ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుగా చెప్పకుండా ఆగిపోయాయి. ఆ పరికరాలు పాడైపోయి ఆగలేదన్నది మనం గమనించాలి.

ఇక ఆ ఎనిమిది దీపాలు. రెండు విడతలూ ఒకే మోడల్, ఒకే అట్టపెట్టె, ఒకే బొమ్మ. లోపలి సరుకు మాత్రం ఒకటి కాదు. తయారీదారు పేరు మార్చకుండానే లోపలి చిప్ మార్చడం ఈ సరుకులో మామూలే. మొదటి విడతలోని బీకే7231 అనే వైఫై చిప్‌ల మీద పాత ఫర్మ్‌వేర్ ఉంది. అందులోని లోపాన్ని వాడుకుని, డబ్బా విప్పకుండా గాలిలోనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే క్లౌడ్‌కటర్ అనే ఉచిత సాధనం వాటికి పనిచేసింది. రెండో విడత దీపాలకు యాప్ అడిగినప్పుడల్లా ఎవరో అప్‌డేట్ నొక్కుతూ వచ్చారు. ఆ అప్‌డేట్లతో ఆ దారి మూసుకుపోయింది. ఎవరు నొక్కారన్నది ఇప్పుడు అప్రస్తుతం.

ఒక యువ సభ్యుడు ఉచితంగా అయ్యే ఉపాయం ఉందన్నారు. పాత ఫర్మ్‌వేర్ అలాగే ఉంచి, దీపం లోకల్ కీ (ఆ దీపంతో నేరుగా మాట్లాడటానికి కావలసిన రహస్య సంకేతం) సంపాదించి, ఇంట్లోని నెట్‌వర్క్ మీదుగానే ఆదేశాలు పంపడం. ఉపాయం నిజమైనదే, ఒక్కో ఇంటికి చక్కగా సరిపోతుంది. అయితే ఆ కీ వచ్చేది క్లౌడ్ ఖాతా నుంచే. దీపాన్ని రీసెట్ చేసి మళ్ళీ జత కలిపితే కీ మారిపోతుంది. అంటే ఏ ఖాతా నుంచి బయటపడాలని చూస్తున్నామో, ప్రతిసారీ అదే ఖాతా గుమ్మం తొక్కాలి. అందుకే వద్దనుకున్నాం. ఆయన సలహాను చెత్తబుట్టలో వేశామన్నది నిజం కాదు.

కాబట్టి విప్పక తప్పలేదు. ఇవి వంటింటి బల్బులు కావు, ఎత్తున గోడకు బిగించిన లోహపు డబ్బాలు. ఏ మూలా చీకటి పడకుండా రెండేసి చొప్పున దించాం. అద్దం చుట్టూ ఉన్న బంకను కోసి తీస్తే లోపల చిన్న మాడ్యూల్, దాని అంచున వరుసగా బియ్యపుగింజ కన్నా సన్నని టంకం మచ్చలు. వాటిలో నాలుగింటికి తీగలు అతికించి, 3.3 వోల్టులు ఇచ్చి, కంప్యూటరు నుంచి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ సమయంలో దీపానికి మెయిన్స్ కరెంటు ఉండనే కూడదు. లోపలి విద్యుత్ సరఫరా మెయిన్స్ నుంచి విడిగా ఉండదు. పొరపాటున ప్లగ్గు పెడితే పోయేది కంప్యూటరు ఒక్కటే కాదు, పనిచేసే మనిషి ప్రాణం కూడా. "గోడ మీద ఉండగానే చేయవచ్చుగా" అన్నవారికి ఇదే మా సమాధానం.

ఎనిమిదింట్లో ఆరు ఇలా దారికొచ్చాయి. మిగిలిన రెండింట్లో ఉన్న చిప్‌కు మనకు కావలసిన ఫర్మ్‌వేరే లేదు. వేడిగాలితో ఆ మాడ్యూల్‌ను ఊడదీసి, కాళ్ళ (పిన్నుల) అమరిక సరిపోయే ఈఎస్‌పీ-12ఎఫ్ అనే వైఫై మాడ్యూల్ అతికించారు. కొత్త మాడ్యూల్ సరిగా లేవడానికి రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు కూడా కలపవలసి వచ్చింది. ఆ తర్వాత ఏ కాలు ఏ రంగుదో తేల్చుకోవాలి. ఎరుపు నొక్కితే పచ్చ వెలిగింది, తెలుపు నొక్కితే ఏదీ వెలగలేదు. ఇవన్నీ చూసి సరిచేసిన పనికి 6 పాళ్ళు ఎక్కువని మాకు అనిపించలేదు.

ఇప్పుడు అన్నిటిలోనూ ఈఎస్‌పీహోమ్ అనే కొత్త ఫర్మ్‌వేర్ ఉంది. 2023 నుంచి అది బీకే చిప్‌లకూ పనిచేస్తోంది. సర్వర్ 15 నిమిషాలు కనబడకపోతే దీపం తానే రీస్టార్ట్ కావడం దాని ముందస్తు ఏర్పాటు. సర్వర్ మరమ్మతులో ఉన్న రాత్రి దీపాలు ఆరి వెలుగుతుంటే ఎన్ని ఫోన్లు వస్తాయో మాకు తెలుసు కనుక ఆ ఏర్పాటు తీసేయించాం. కరెంటు పోయి వచ్చినప్పుడు దీపాలు నిండు తెలుపుతో భగ్గుమనడం కూడా ఇకపై ఉండదు, మసక పసుపులో వెలుగుతాయి.

ఆలస్యానికి కారణం ఏడో పద్దు. పని పూర్తి కాలేదా అని అడుగుతున్న రోజుల్లో దీపాలు కార్యాలయం బల్ల మీద ఉన్నమాట నిజం. విప్పిన డబ్బాను తిరిగి మూయడం, విప్పడం కన్నా కష్టం. దొరికిన సిలికాన్ పూసేయలేదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది లోపలి రాగి తీగలను తినేస్తుంది. ఆ వాసన రాని న్యూట్రల్ రకమే వాడాం. అది గాలిలోని తేమతో పైనుంచి లోపలికి నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే లోపల మెత్తగానే ఉండిపోతుంది. మధ్యలో వర్షాలు. తడి గాలిలో డబ్బా మూస్తే ఆ తేమ లోపలే ఉండి అద్దానికి పట్టేస్తుంది. అందుకని తెరిపి ఇచ్చేదాకా ఆగాం. ఒక దీపంలో మేము విప్పకముందే నీటిచుక్కలు ఉన్నాయి. ఫొటో వోచర్‌కు జతపరిచాం.

దుమ్ము, నీటి రక్షణ తెలిపే ఐపీ65 గుర్తు పోయింది కదా, వారంటీ పోయింది కదా అన్న అభ్యంతరాలు సబబైనవే. ఆ గుర్తులో 6 అంటే దుమ్ము చొరబడదని, 5 అంటే నీటి ధారకు తట్టుకుంటుందని. 6.3 మిల్లీమీటర్ల ముక్కు నుంచి నిమిషానికి 12.5 లీటర్ల ధార కొట్టి చూసే పరీక్ష అది. మేము గొట్టంతో అన్ని వైపులా నీళ్ళు కొట్టి చూశాం, లోపలికి రాలేదు. అది ధ్రువపత్రం కాదు, మేము అలా చెప్పుకోవడమూ లేదు. వారంటీ గడువు ఎలాగూ ముందే అయిపోయింది, కాగితం కార్యాలయంలో ఉంది.

ఆ అనుమానం ఉన్నందుకే ఎనిమిదో పద్దు. డబ్బా లోహం, ఉన్నది ఆరుబయట, కింద పిల్లలు ఆడతారు. చేతితో మూసిన దీపానికి నమ్మకం ఒక్కటే కాపలా అంటే మాకు నిద్ర పట్టదు. ప్రతి దీపానికీ 500 వోల్టులతో ఇన్సులేషన్ పరీక్ష చేయించాం. నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి, అన్నీ దాటాయి. మొత్తం లైనుకు 30 మిల్లీయాంపుల ఎర్త్ లీకేజీ బ్రేకర్ పెట్టించాం. ఈ 10 పాళ్ళు 18 దీపాలకూ సంబంధించినవి. 38 అంటూ ఎనిమిది దీపాల నెత్తిన వేసినవారు ఇది తీసేసి చూడాలి. అప్పుడు మిగిలేది 28.

కొత్తవి కొనే సంగతీ చూశాం. క్లౌడ్ అవసరం లేని ఎనిమిది కొత్త దీపాలకు వచ్చిన కొటేషన్ 41 పాళ్ళు, బిగింపు కాకుండా. ఇప్పుడున్న మోడలే తక్కువకు తెస్తే, లోపల ఏ చిప్ ఉంటుందో అమ్మేవాడికే తెలియదు, వాటినీ విప్పవలసి రావచ్చు. ఎల్‌ఈడీలు చక్కగా వెలుగుతున్న ఎనిమిది దీపాలను చెత్తలో వేయడానికి మాకు చేతులు రాలేదు.

పని చేసిన ఎలక్ట్రీషియన్ కోశాధికారికి పాత పరిచయస్తుడన్నది నిజమే. ముగ్గురిని అడిగాం. ఇద్దరు, విప్పిన దీపానికి హామీ ఇవ్వలేమని తప్పుకున్నారు. మూడోవారు ఒప్పుకున్నారు. ఆ ఇద్దరి జవాబులూ ఫైలులో ఉన్నాయి.

పాస్‌వర్డులు, సెట్టింగుల బ్యాకప్ సీలు వేసిన కవరులో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి దగ్గర ఒక్కో ప్రతి ఉన్నాయి. కమిటీ మారితే కవరు మారుతుంది. దీపాలకు ప్రత్యేక వైఫై ఉంది, దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. ఆ పాస్‌వర్డు దయచేసి అడగవద్దు.

బకాయి 13 పాళ్ళు. పేర్లు గోడకెక్కించడం మాకు ఇష్టం లేదు. సమావేశంలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవారిలో కొందరు ఈ 13లో ఉన్నారని మాత్రం చెప్పక తప్పదు. దీపాలు తమ కిటికీకి ఎదురుగా లేవు కాబట్టి కట్టబోమన్నవారికి, ఆ దారిలోనే రాత్రి ఇంటికి వస్తున్నారని మనవి. డబ్బు అందగానే ముందు సాధారణ నిధికి 5 పాళ్ళు తిరిగి జమ చేస్తాం. మిగతాది, ఇప్పటి మిగులు 3 పాళ్ళతో కలిపి, మొదటి విడత దీపాల గాస్కెట్లు మార్చడానికి ఉంచుతాం. అవి ఇంకా అసలువే, పాతబడుతున్నాయి. మొక్కలకు నీళ్ళు పెట్టేవారు అప్పటిదాకా గొట్టం గోడవైపు తిప్పవద్దు.

ఇట్లు,
నిర్వహణ కమిటీ