రెండో నెల తేదీ ఎవరు రాస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మే 28, అంటే నెలసరి పరిశుభ్రత దినం వచ్చిందంటే మీ పేపర్‌తో సహా అన్ని పేపర్లలోనూ ఒకటే ఫోటో అండి, స్కూల్లో ఆడపిల్లలు వరసగా నిలబడి ప్యాడ్ల ప్యాకెట్లు పట్టుకుని ఉంటారు, పక్కన ఎవరో ఒక నాయకుడు నవ్వుతూ. ప్యాడ్లు ఇవ్వడం మంచిదే, ఆంధ్రాలో 2021లో స్వేచ్ఛ అని పథకం పెట్టి గవర్నమెంట్ స్కూళ్ళలో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా నెలకి 10 ప్యాడ్లు ఇస్తామన్నప్పుడు నేనూ సంతోషపడ్డా. కానీ ఆ ప్యాకెట్ అందుకున్న పిల్లని పక్కకి పిలిచి పోయిన నెల నెలసరి ఏ తారీఖున వచ్చిందమ్మా అని అడిగి చూడండి, తెల్లముఖం వేస్తుంది.

నేను పల్లెటూరి ఆరోగ్య సబ్ సెంటర్లో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సమ్మగా చేసి రిటైరయ్యాను. గర్భిణి పేరు రాయించుకోవడానికి వస్తే మేం ముందు అడిగేది ఎల్ఎంపి, అంటే ఆఖరిసారి బయట చేరిన మొదటి రోజు తేదీ, నెలల లెక్క, కాన్పు తేదీ అన్నీ దాని మీదే నడుస్తాయి. దానికి వచ్చే జవాబులు వింటే మీరు నవ్వుతారు. "అట్లతద్దికి ముందండి." "సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు కాలేదు, వచ్చాక అయినట్టుంది నర్సమ్మ గారూ." "మా మరిది పెళ్ళికి అడ్డం అని టాబ్లెట్ వేసుకున్నా, అవి ఆపాక వచ్చింది." పక్కన అత్తగారు ఉంటే ఆవిడే వేళ్ళు లెక్కపెట్టి చెప్పేసేది, కోడలు ఎప్పుడు మూల కూర్చుందో ఆవిడకి గుర్తున్నంతగా కోడలికి గుర్తుండదు మరి. డిగ్రీలు చదివిన అమ్మాయిలు కూడా ఇంతే, తేడా ఏం లేదు.

విచిత్రం ఏంటంటే మొదటిసారి మాత్రం మనవాళ్ళు నిమిషాలతో సహా రాస్తారు. పిల్ల పెద్దమనిషి అయితే ఏ వారం, ఏ తిథి, ఏ నక్షత్రం, ఎన్ని గంటలకి, ఒంటి మీద ఏ రంగు బట్టలున్నాయి, ముందు ఎవరు చూశారు, అన్నీ చీటీ మీద రాసుకుని పంతులు గారి దగ్గరికి పరిగెడతారు, పంచాంగంలో దానికి ఫలితాల పట్టికే ఉంటుంది. చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు, అప్పు చేసైనా హాఫ్ శారీ ఫంక్షన్ చేస్తారు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టి ఊరందరికీ చెప్తారు. రెండో నెల ఎప్పుడొచ్చిందో మాత్రం ఎక్కడా రాయరు. పాలవాడు నాగా పెట్టిన రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు క్యాలెండర్ మీద రాసే ఇంట్లోనే అండి ఇది!

నేర్పాల్సింది పెద్ద సైన్సేం కాదు. రక్తం కనపడిన మొదటి రోజు ఒకటో రోజు, అక్కడ్నుంచి మళ్ళీ వచ్చే దాకా ఎన్ని రోజులైతే అది ఆ పిల్ల సైకిల్. 28 అనేది ఒక సగటు మాత్రమే, పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజులు, ఈడొచ్చిన కొత్తలో 45 రోజుల దాకా కూడా మామూలే, మొదటి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఇది తెలియక పది రోజులు ఆలస్యమైతే చాలు తల్లికి గుండెల్లో రాయి పడుతుంది, నిజం చెప్పవే అని పిల్ల మీద కేకలు. అదే మూడు నెలలు రాకపోయినా, వారం దాటి ఆగకుండా అవుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా మాత్రం "నాకూ ఇంతే అయ్యేది, పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అని తీసిపారేస్తారు. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 అని 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో దేశం మొత్తం మీద 59 శాతం మందికి రక్తం తక్కువ ఉంది, మనం తిండి సరిగ్గా తినట్లేదు అని పిల్లనే తిడతాం గానీ నెలనెలా ఎంత పోతుందో అడగం. అమెరికాలో గైనకాలజిస్టుల సంఘం, పిల్లల డాక్టర్ల సంఘం కలిసి 2006లోనే చెప్పాయి, బీపీ, నాడి చూసినట్టే ఆడపిల్ల నెలసరిని కూడా ఆరోగ్యానికి గుర్తుగా చూడాలని. డాక్టర్ దగ్గరికి ఆర్నెల్ల తేదీలు రాసిన కాగితం పట్టుకెళ్తే సగం ప్రశ్నలకి అక్కడే జవాబు దొరుకుతుంది.

ఇక సంతానం సంగతి, ఇక్కడ అందరూ నోళ్ళు మూసుకుంటారు. పదో తరగతి బయాలజీలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, పువ్వు బొమ్మ దాకా బోర్డు మీద బ్రహ్మాండంగా వేస్తారు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల "ఇది ఇంటి దగ్గర చదువుకోండి". అండం విడుదలయ్యేది 14వ రోజు అని బట్టీ పట్టిస్తారు, అది 28 రోజుల వాళ్ళకి. అసలు లెక్క వెనక నుంచి, వచ్చే నెలసరికి దాదాపు రెండు వారాల ముందు, అంటే 35 రోజుల సైకిల్ ఉన్న అమ్మాయికి 21వ రోజు దగ్గర్లో. అండం ఒక్క రోజు బతుకుతుంది, వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా ఉండగలవు, అందుకే నెలలో గర్భం వచ్చే వీలున్న రోజులు సుమారు ఆరు. ఆ రోజుల్లో తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుగా, సాగుతూ ఉంటుంది. అది మామూలే అని ఎవరూ చెప్పక వేడి చేసిందని సగ్గుబియ్యం జావ తాగించిన తల్లుల్ని, ఏదో రోగం వచ్చిందని లోపల్లోపల ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశా. వాసన, దురద, రంగు మారడం ఉంటే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోతారు అంటారు. మనం చెప్పకపోయినా ఫ్రెండ్స్, యూట్యూబ్ చెప్తున్నాయి కదండీ, అదీ తప్పుగా. సేఫ్ డేస్, అంటే గర్భం రాని రోజులు అని ఒకటి నేర్చుకుంటారు, సైకిల్ ఇంకా కుదురుకోని పిల్లకి ఆ లెక్క అస్సలు పనికిరాదు అని ఎవరు చెప్తారు? గర్భం రాకుండా పూసల దండతో రోజులు లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉంది, అది కూడా 26 నుంచి 32 రోజుల మధ్య క్రమంగా వచ్చే వాళ్ళకే, అందులో కూడా 8 నుంచి 19వ రోజు దాకా జాగ్రత్త పడాలి. పైగా అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండానే పెళ్ళయిన వాళ్ళు ఆంధ్రాలో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. పిల్లకి పెళ్ళి చేయడానికి వయసు అడ్డం రాదు, ఒళ్ళు గురించి చెప్పడానికి అడ్డం వస్తుంది!

ఆ తర్వాత ఏమవుతుందో కూడా చూశాం. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే గొడ్రాలు అని సణుగుడు మొదలు, సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళి వేలు పోసి అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్‌లు తీయించుకునేటప్పుడు తెలుస్తుంది నెలలో ఆ ఆరు రోజులు ఉన్నాయని. నలభై రాకముందే బ్లీడింగ్ ఎక్కువైతే ఏది మామూలో ఏది కాదో తెలియదు కాబట్టి గర్భసంచి తీసేద్దాం అని ఎవరైనా అనగానే సరే అంటుంది. అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళు దేశంలో 3 శాతం చిల్లరైతే మన రెండు రాష్ట్రాల్లోనూ 8 శాతం దాటారు. అన్నీ అనవసరం అని నేను అనను, కానీ అందులో ఎంతమంది చేతిలో మూడు నెలల తేదీల కాగితం ఉండి ఉంటుంది?

నెలసరి తేదీలు రాసుకునే ఫోన్ యాప్‌లు ఉన్నాయి కదా అంటుంది మా మేనకోడలు. ఉన్నాయి, కానీ యాప్ చూపించే రోజు ఒక అంచనా, దాన్ని నమ్ముకుని గర్భం రాదనుకుంటే కష్టం. ఇంకోటి, ఫ్లో అనే యాప్ ఆడవాళ్ళ వివరాలు ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకి పంపిందని అమెరికాలో ఫిర్యాదు వస్తే 2021లో సెటిల్ చేసుకుంది. ఏడో తరగతి పిల్లకి ఫోన్ ఎందుకు, నోట్‌బుక్ చివరి పేజీ చాలు.

నేను అడిగేది ఒకటే. స్కూల్లో ఇచ్చే ప్యాడ్ల ప్యాకెట్‌లో పన్నెండు గళ్ళ కార్డు ఒకటి పెట్టమనండి, మొదలైన తేదీ, ఆగిన తేదీ, నొప్పి ఉందా, రోజుకి ఎన్ని ప్యాడ్లు, అంతే. వెనక వైపు ఏం కనపడితే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో పెద్ద అక్షరాల్లో. ఏఎన్ఎం స్కూలుకి వెళ్ళిన రోజు లేడీ టీచర్‌ని పక్కన పెట్టుకుని ఎలా నింపాలో చూపిస్తే గంట పని, కార్డు పిల్ల దగ్గరే ఉండాలి, హాజరు పట్టీలా టీచర్ టేబుల్ మీద కాదు. గవర్నమెంట్ ఎప్పుడు చేస్తుందో గానీ ఈలోపు మీ ఆడవాళ్ళ పేజీలో అలాంటి కార్డు ఒకటి కత్తిరించుకునేలా వేయండి సార్, వంటల పోటీ కూపన్ వేసినట్టే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, గుంటూరు జిల్లా