రాంచీలో ఓడినా అది మన జట్టే

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈ నెల 19న రాంచీలో ఒలింపిక్ అర్హత పోటీలో జపాన్ చేతిలో 0-1 తేడాతో ఓడి, భారత మహిళల హాకీ జట్టు పారిస్ ఒలింపిక్స్ అవకాశాన్ని పోగొట్టుకున్న నాటి నుంచి దాని మీద వస్తున్న రాతలూ మాటలూ గమనిస్తున్నాను. ఎనిమిది జట్లలో మొదటి మూడింట ఒకటిగా నిలిస్తే చాలు, పైగా ఆడింది సొంతగడ్డ మీద, అయినా చేతకాలేదే అన్న కోపం అందరితో పాటు నాకూ ఉంది. బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక కాస్త ఎక్కువే ఉందనుకోండి. నా అభ్యంతరమల్లా ‘ఇక ఈ జట్టును చూడటం దండగ’ అనే మాట దగ్గరే.

ఆ రోజు ఆరో నిమిషంలోనే జపాన్ తన పెనాల్టీ కార్నర్‌ను (ప్రత్యర్థి తన గోలు దగ్గర తప్పు చేస్తే దక్కే అవకాశం) గోలుగా మలుచుకుంది. ఆ తర్వాత మనకూ పెనాల్టీ కార్నర్లు వస్తూనే ఉన్నాయి, ఒక్కటీ గోలు కాలేదు. టీవీలో చూసేవారికి అది ఒకే ఒక్క దెబ్బలా కనిపిస్తుంది కానీ, గోలు పక్కన వెనక గీత మీంచి బంతిని తోసే అమ్మాయి, ‘డి’ (గోలు ముందుండే అర్ధవలయం) బయట దాన్ని కదలకుండా ఆపే అమ్మాయి, ఆపీ ఆపగానే ఈడ్చి విసిరే అమ్మాయి, ఈ ముగ్గురి చేతులూ రెప్పపాటు తేడా లేకుండా ఆడాలి. ఆపడంలో బంతి జానెడు పక్కకు జరిగిందంటే, గీత దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన ప్రత్యర్థి కర్ర అప్పటికే అడ్డం పడి ఉంటుంది. ఈ లోపం ఎందుకు సరికాలేదని శిక్షకులనూ, దేశంలో ఆటను నడిపే హాకీ ఇండియానూ నిలదీయవలసిందే. అభిమానులు అడగకపోతే మరెవరు అడుగుతారు? అయితే ముందురోజే జర్మనీతో 2-2 వరకు పోరాడి, సమమైనప్పుడు విజేతను తేల్చే షూటౌట్‌లో 3-4తో ఓడిన కాళ్లతోనే వీరు జపాన్ ముందు నిలబడ్డారనీ, చెంప ఎముక గాయంతో మన ఫార్వర్డ్ వందనా కటారియా టోర్నీకే దూరమైందనీ కూడా ఆ అడిగేవారు తెలుసుకుని ఉండాలి.

వందన పేరెత్తాను కనుక ఒక సంగతి. 2021లో టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణిగా నిలిచింది ఆమె. నాలుగు రోజులకే జట్టు సెమీస్‌లో అర్జెంటీనాతో 1-2తో ఓడితే, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, కులం పేరుతో కుటుంబాన్ని దూషించారన్న వార్త మనమంతా చదివాం. గెలిస్తే ‘మన అమ్మాయి’, ఓడితే ‘వాళ్ల అమ్మాయి’ అయిపోవడానికి అంతకంటే హేయమైన ఉదాహరణ నాకు తెలియదు.

2008 మార్చిలో చిలీలోని శాంటియాగోలో పురుషుల జట్టు బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, 1928 తర్వాత మొదటిసారి ఒలింపిక్స్‌కు దూరమైనప్పుడు కూడా ఇవే మాటలు వినిపించాయి. భారత హాకీ చచ్చిపోయిందన్నారు. అదే పురుషుల జట్టు టోక్యోలో ఆస్ట్రేలియా చేతిలో 1-7తో చిత్తయిన పదకొండు రోజులకు జర్మనీని 5-4తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ 1-7 చూసి టీవీ కట్టేసినవారిలో నేనూ ఒకణ్ణి; ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మన ఎర్రావారిపాలెం మండలం బిడ్డ ఎతిమరపు రజని సారథ్యంలో మహిళలు మస్కట్‌లో ఐదుగురేసి ఆడే హాకీ ఫైవ్స్ తొలి ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లి, మొన్న 27న నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడారు. పెద్ద ఓటమే, కాదనను. కానీ ఒక తెలుగమ్మాయి నాయకత్వంలో ప్రపంచకప్ రజతం వచ్చిందని మా వీధిలో నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియలేదు. రాంచీ ఓటమిని ఇంత పెద్దది చేసుకున్నవాళ్లం, దీన్ని ఇంత చిన్నది ఎలా చేసుకున్నామో!

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు జపాన్ మ్యాచ్ ముగిశాక ఒక్క మాటా మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని, తన స్టిక్‌కు పాత గ్రిప్ ఊడదీసి, కొత్తది పైనుంచి కిందికి బిగించి చుట్టుకుంది. మరునాడు పొద్దున ఎప్పటిలాగే ఆరు గంటలకు గ్రౌండుకు వెళ్లింది.

వచ్చే నెల 3న భువనేశ్వర్‌లో రాంచీలో ఓడిన ఈ జట్టే అంతర్జాతీయ పోటీ అయిన ప్రో లీగ్‌లో చైనాతో ఆడబోతోంది. తాతామనవరాళ్లం చూడాలనుకుంటున్నాం. ఆ మ్యాచ్ ఎన్ని గంటలకో, ఏ ఛానెల్‌లో వస్తుందో ముందురోజు మీ ఆటల పేజీలో, క్రికెట్ వార్తల కిందనైనా సరే, ఒక్క పంక్తి వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు
తిరుపతి, 29 జనవరి 2024