మావాడి ఛాతీ నొప్పిని తేలిగ్గా తీసిపారేయని అందరికీ కృతజ్ఞతలు

మావాడి గుండెకు ఏ ఇబ్బందీ లేదని, మళ్లీ ఫుట్‌బాల్ ఆడుకోవచ్చని డాక్టరు గారు తేల్చి చెప్పారు. ఇంతవరకూ మాకు అండగా ఉన్నవాళ్లకి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందుగా కోచ్ గారికి. ఆట మధ్యలో వాడు ఛాతీ పట్టుకుని వంగిపోతే, కాసేపు ఆగి మళ్లీ దిగమనలేదు. డాక్టరు చూసి రాసిచ్చేదాకా గ్రౌండ్‌లోకి రానివ్వనన్నారు. పెద్ద మ్యాచ్ దగ్గర పడుతున్నా మాట మార్చలేదు. మావాడు అలిగినా సరే, మెత్తబడలేదు. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను సార్.

డాక్టరు గారు పరీక్షల కంటే ముందు ప్రశ్నలతో మొదలుపెట్టారు. నొప్పి పరిగెడుతుండగా వచ్చిందా, ఆగాక వచ్చిందా? స్పృహ తప్పిందా? గుండె దడ వచ్చిందా? ఈమధ్య జ్వరం తగిలిందా? మా రెండు వైపుల కుటుంబాల్లో 50 ఏళ్లలోపు హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా? పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసే చోట వేలితో ఒక్కొక్కటే నొక్కి చూశారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి గుండె చప్పుడు విన్నారు. గుండె కండరం మందమయ్యే జబ్బుంటే, లేచి నిలబడినప్పుడు మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం) సాధారణంగా పెరుగుతుందట. ఈ వయసులో ఛాతీ నొప్పి చాలావరకు గుండెది కాదని ధైర్యం చెబుతూనే, శ్రమలో ఉండగా వచ్చింది కాబట్టి గుండెను చూడకుండా వదలనన్నారు.

ఈసీజీ బాగానే వచ్చింది. అయినా ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఎక్కడ మొదలవుతున్నాయో చూడమని ప్రత్యేకంగా రాశారు. అవి పుట్టుకతోనే వేరే చోట నుంచి బయల్దేరినా ఈసీజీ మామూలుగా ఉండొచ్చు. ఎకో తీసిన మేడమ్ ఎంత ఓపికగా చూశారో! వాడిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టి, రెండు ధమనుల మొదళ్లూ స్పష్టంగా దొరికేదాకా వదల్లేదు. దొరికాక స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు.

అసలు సంగతి ట్రెడ్‌మిల్ దగ్గర బయటపడింది. పరుగుకు ముందూ తర్వాతా గొట్టంలోకి ఊదించారు. మొదటి సెకనులో ఊదే గాలి 10 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గితే, వ్యాయామం వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటున్నట్టు లెక్క. మావాడికి అదే. ఆ బిగుతునే వాడు నొప్పి అన్నాడు. ఇప్పుడు ఆటకు 15 నిమిషాల ముందు శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ఆ తర్వాత నిదానంగా వార్మప్. డోపింగ్ అవుతుందేమోనని టెన్షన్ పడ్డాం గానీ, పీల్చే సాల్బుటమాల్‌ను 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (WADA) అనుమతిస్తుంది. డాక్టరు రాసిన మోతాదు అందులో చాలా తక్కువ.

ఇక వాడి పక్కన ఆడిన పిల్లాడికి. ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పింది నువ్వే నాన్నా. వాడు కింద పడలేదని, పిలిస్తే పలికాడని నువ్వు చెప్పిన మాటలు డాక్టరు గారు రాసుకున్నారు. నీకూ, మీ అమ్మానాన్నలకూ మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.