భుజం మీద ఉన్నదల్లా శాలువా కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను నాటకాలకు దుస్తులు కుడతాను. పేపర్లో విదేశీ ఫొటో కనిపిస్తే ముందు బట్ట చూస్తాను, తర్వాతే ముఖం. మీ పత్రికలో కొంతకాలంగా గమనిస్తున్నాను: మనిషి భుజాన ఏది కప్పుకున్నా ఫొటో కింద ‘శాలువా’ అనో ‘దుప్పటి’ అనో, అదీ కుదరకపోతే ‘అంగీ’ అనో రాసేస్తున్నారు. చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం.

2022 డిసెంబర్ 18న లుసైల్ స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఎత్తబోయే ముందు మెస్సీకి ఖతార్ అమీర్ తొడిగింది బిష్త్. ముందువైపు తెరిచి ఉండే పల్చటి పైవస్త్రం, అంచు పొడవునా బంగారు జరీ. అరబ్బులు పెళ్లిళ్లలో, పెద్ద వేడుకల్లో వేసుకుంటారు. ‘నల్ల అంగీ’ అని సరిపెడితే అక్కడ జరిగింది సత్కారమని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

కాకసస్ కొండల రౌతులు, గొర్రెల కాపరులు వేసుకునే మందపాటి వస్త్రం పేరు ‘బుర్కా’. అది మగవాళ్లది. భుజాల దగ్గర బిగుసుకుని వెడల్పుగా నిలబడుతుంది. ‘బురఖా’ అని అచ్చయితే అర్థమే తలకిందులు. దాన్ని నేయరు. ఉన్నిని పరిచి, తడిపి, చుట్ట చుట్టి దొర్లిస్తూ నొక్కితే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అట్టలా గట్టిపడతాయి. టర్కీ కాపరుల కెపెనెక్‌దీ ఇదే తయారీ. చలికీ వానకీ కాపరికి అదే అండ, రాత్రి పడకా అదే.

తల దూర్చి వేసుకునే పోంచో పేరు అందరికీ తెలుసు, కుట్టే తీరే తెలియదు. ఆండీస్ ప్రాంతంలో పాత పద్ధతి ప్రకారం రెండు ముక్కలు విడిగా నేసి, తల పట్టేంత సందు వదిలి నడిమికి కలిపి కుడతారు. కత్తెర పని లేదు. ఒక నాటకానికి నేనూ అలాగే కుట్టాను. మధ్యలో కోసి మెడ తీసినదానికంటే భుజం మీద ఎంతో నిలకడగా కూర్చుంది, ఎక్కడా పోగు ఊడలేదు. కొలంబియా రువానా చూపుకి అలాగే ఉంటుంది గానీ ముందు నిలువునా తెరుచుకుంటుంది. ఉత్తర ఆఫ్రికా బుర్నూస్‌కు తల మీదికి ముసుగు ఉంటుంది, చేతులుండవు. జెల్లాబాకు రెండూ ఉంటాయి.

ఇక హవాయి ‘అహు ఉలా’, అంటే ఈకల పైవస్త్రం. ఎర్రవి, పసుపువి పిట్ట ఈకలను చిన్న చిన్న కట్టలుగా నారతో అల్లిన వలకు కడతారు. ఎంత ఓపిక కావాలో కుట్టుపని చేసేవాళ్లకు తెలుస్తుంది. 1779 జనవరి 26న రాజు కలానియోపు తన ఒంటి మీదిది తీసి ఇంగ్లిషు నావికుడు కెప్టెన్ కుక్ భుజాలపై వేశాడు. ఆ వస్త్రం చేతులు మారుతూ న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియానికి చేరి, 2016లో హవాయికి తిరిగివచ్చింది. దాన్ని ‘ఈకల దుప్పటి’ అనడానికి నాకు మనసొప్పదు.

అసలు పేరు తెలుగు లిపిలో వేసి, పక్కన ‘తల దూర్చి వేసుకునేది’, ‘ముందు తెరిచి ఉండేది’ అని రెండు మూడు మాటలు చేర్చండి. ఒక్క వరుసలో పట్టేస్తుంది. టోగా, కిమోనో అలా వాడగా వాడగానే మనకు అలవాటయ్యాయి. పేరు దొరకని రోజు ‘పైవస్త్రం’ అని వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. శాలువా అని మాత్రం వేయకండి. శాలువాకు మెడ ఉండదు, ముసుగు ఉండదు, చేతులూ ఉండవు.

ఇట్లు,
నాటకాలకు దుస్తులు కుట్టే ఒక పాఠకురాలు