మా మిద్దె పక్కా ఇల్లు కాదు సార్: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను పాలమూరు పల్లెలో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. మా మట్టి మిద్దె కూలేలా ఉంది, సర్వేలో దాన్ని పక్కా ఇల్లని తప్పుగా రాశారు, అది దిద్దండని ఇప్పటికి నాలుగు సోమవారాలు మీ ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చి దరఖాస్తు ఇచ్చాను. నాలుగుసార్లూ రశీదు చేతిలో పెట్టారు. రెండుసార్లు ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది, మీ అర్జీని సంబంధిత అధికారికి పంపించామని. ఆ అధికారి ఎవరో, మా ఊరికి ఎప్పుడు వస్తారో ఇంతవరకూ తెలియలేదు. రోజు కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి ఐదోసారి రావడానికి నాకు శక్తి లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. మాటలో తప్పుంటే మన్నించండి.

పోయిన వానాకాలం ముసురు పట్టిన మూడో రోజు సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. శిథిలావస్థలో ఉన్న ఇళ్లలోని వారు వెంటనే సురక్షిత ప్రాంతాలకు వెళ్లాలని. మంచి మాటే. కానీ ఎక్కడికి వెళ్లాలో అందులో లేదు. ఆ రాత్రి పదకొండు దాటాక బియ్యం డబ్బా మూత మీద టపటపా మట్టి రాలింది. టార్చి వేసి చూస్తే దూలం పక్కన ఒక వాసం కిందికి జారి ఉంది. పిల్లలిద్దరినీ లేపాను. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ‘మీరు పోండి బిడ్డా, నేను ఈడనే ఉంట’ అంది. మా ఆయన ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు. బడి దగ్గరికి పోతే గేటుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి టౌనులో ఉంటాడట, ఫోన్ ఎత్తలేదు. పంచాయతీ ఆఫీసుకూ తాళమే. చివరికి గుడి మండపంలో కూర్చున్నాం. గాలివానకు జల్లు లోపలికే కొట్టింది. అత్తమ్మ మీద నా చీర కప్పి తెల్లవారేదాకా పట్టుకున్నాను. మాలాంటి ఇళ్ల నుంచి ఇంకో రెండు కుటుంబాలు కూడా అక్కడే ఉన్నాయి. వాళ్ల చంటిపిల్ల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సార్, మా ఇల్లు ఎలాంటిదో మీకు చెప్పాలి. సర్వేలో వివరంగా చెప్పకపోవడం వల్ల ఏం జరిగిందో తర్వాత రాస్తాను. మాది మట్టి మిద్దె. గోడలు రాయి, బురద మట్టితో పేర్చినవి, మధ్యలో సిమెంటు లేదు. గోడల మీద కర్ర దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన ఆకూ అలమూ పరిచి మట్టి పోశారు. అన్నిటికన్నా పైన చౌడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి, గడ్డి పీకి, ఎలుక బొక్కలు పూడ్చాలి. మా మామ ఉన్నన్నాళ్లు ఆ పని తప్పలేదు. ఇప్పుడు చౌడు దొరికే చోటే లేదు. దొరికినా ట్రాక్టరు కిరాయి మాకు భారం.

ముందుగది పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. పైన అడుగు మందం మట్టి ఉంది. ఎండిన మట్టే నాలుగు టన్నులు దాటుతుందని మా ఊరి మేస్త్రీ లెక్కకట్టి చెప్పాడు. దాని కిందే మేము నిద్రపోతున్నాం. కుండపోత వానకు మాకు అంత భయం లేదు, అది తూములోంచి దూకి పోతుంది. ముసురుకే భయం. నాలుగు రోజులు సన్నగా పడితే మిద్దె నీళ్లు తాగి బరువెక్కుతుంది, అదే సమయంలో కింద గోడ నాని మెత్తబడుతుంది. తెరిపి ఇచ్చిందని కూడా నమ్మలేం, నానిన గోడ ఎండ వచ్చాక కూడా కూలుతుంది. దానికితోడు మా గల్లీలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసి, ఇప్పుడు మా గడప కన్నా రోడ్డే జానెడు ఎత్తుకు లేచింది. వాన నీళ్లు గోడ మొదట్లోకే వస్తాయి.

అన్నిటికన్నా తూర్పు గోడే నా టెన్షన్. అది మాకూ పక్కింటికీ ఉమ్మడి గోడ. పక్కిల్లు పాడుబడితే కొన్నేళ్ల కింద జేసీబీతో కూల్చి మట్టి ఎత్తేశారు. పాములు, తేళ్లు పోయాయి, సంతోషమే. కానీ అప్పటిదాకా ఇంటి లోపల ఉన్న గోడ వానకు బయటపడింది. దాని మీద కప్పు లేదు, పూత లేదు. ఇప్పుడు నడుము ఎత్తులో ఉబ్బింది. పై నుంచి పగులు దిగింది, నా చిటికెన వేలు పడుతుంది.

మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదు సార్. ముప్పై ఎనిమిది యూరియా సంచులు కడిగి, విప్పి, నా మిషన్ మీదే కుట్టి మిద్దె మీద కప్పాను. ఒక గాలి దుమారానికి సగం చిరిగింది. మంచాలు తూర్పు గోడకు దూరంగా జరిపాం. ఆధార్, పట్టా కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలుపు పక్కన కొయ్యకు తగిలించాను. మేస్త్రీ చెప్పినట్టు పగులు మీద మైదా జిగురుతో పేపర్ ముక్క అంటించి తేదీ రాశాను. గోడ కదిలితే పేపర్ చినుగుతుందట. పదకొండో రోజు చినిగింది. ఆ రెండు ముక్కలు దరఖాస్తుకు పిన్ను చేసి ఇచ్చాను. ఎవరైనా చూశారా?

ఇక ఇందిరమ్మ ఇల్లు సంగతి. సర్వేకు వచ్చిన పిల్లగాడు ‘ఇల్లు ఎట్లాంటిది అమ్మా’ అని అడిగాడు. మిద్దె అన్నాను. ఇక్కడ మా తాతలకాలం నుంచీ దాన్ని మిద్దె అనే అంటాం. అతను పట్నం పిల్లగాడు, మిద్దె అంటే స్లాబు అనుకున్నాడేమో, పక్కా ఇల్లు అని ఎక్కించుకున్నాడు. లోపలికి వచ్చి పైకి చూడలేదు. బయటినుంచి ఫోటో తీస్తే ముందు గోడకు వేసిన సున్నం, తలుపు మాత్రమే కనపడతాయి. ఆ ఒక్క మాటతో మా పేరు జాబితాలో అడుగుకు పోయింది. ఐదు లక్షల ఇల్లు ఇవ్వకపోయినా సరే, ఆ రాసిన మాట దిద్దమని నాలుగుసార్లు అడిగాను. మట్టి మిద్దె అని రాయడానికి ఏం ఖర్చవుతుంది సార్?

డిగ్రీ చదివే మా తమ్ముడు ఫోన్‌లో చూసి చెప్పాడు. 2022-26కు కేంద్రం ఖరారు చేసిన లెక్క ప్రకారం విపత్తులో మనిషి పోతే 4 లక్షలు. ఇల్లు పూర్తిగా పోతే 1 లక్షా 20 వేలు. కొంత దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4 వేలు. అంతా కూలాక వచ్చే డబ్బే. కూలకముందు ఆ గోడకు రెండు కర్రలు ఆనించడానికి, ఒక తాడిపత్రి (టార్పాలిన్) కప్పడానికి మాకు ఎవరిస్తారు? ముందే నష్టం తగ్గించే పనులకని 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధుల్లో 20 శాతం విడిగా పెట్టిందని కూడా వాడే చెప్పాడు. అది మా గల్లీ దాకా రావడానికి దారి ఎటో మీరే చెప్పాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరేనట, జిల్లా ప్రణాళికను ఏటా తిరిగి చూడాలట. అందులో మట్టి మిద్దెల మాట ఉందా?

పాలమూరు అనగానే అందరికీ కరువు, వలస గుర్తొస్తాయి. వానతో మాకేం ప్రమాదమని అనుకుంటారు. 2021 అక్టోబర్‌లో అయిజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు పోయారు. 2024 జూలై 1న నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో మిద్దె కూలి తల్లీ, ముగ్గురు పిల్లలూ నిద్రలోనే పోయారు. ఆ వార్త చూసిన రోజు నేను మిషన్ తొక్కలేకపోయాను. నా పిల్లలకూ ఆ వయసే. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద వరద అందరికీ గుర్తుంటుంది. ఒక్కో ఊర్లో ఒక్కో గోడ పడి పోయినవాళ్లు ఆ రోజు పేపర్లో ఒక ముక్కగా వచ్చి పోతారు.

వానలు ముదిరేలోపు మా ఊరికి ఒక్క ఇంజనీరును పంపండి సార్. ఇంటింటికీ పోయి, లోపలికి వచ్చి, తల ఎత్తి పైకి చూడమనండి. ఏ ఇల్లు నిలుస్తుందో, ఏది నిలవదో గోడ మీద రంగుతో గుర్తు పెట్టమనండి. ముసురు పట్టినన్ని రోజులు బడి తాళంచెవి ఊర్లోనే ఒక మనిషి చేతిలో ఉండేలా చూడండి. ఆ మనిషి ఫోన్ నంబరు మెసేజ్‌లో పెట్టించండి. అక్కడ ఒక లైటు, తాగే నీళ్లు, ముసలివాళ్లు పడుకోవడానికి నాలుగు చాపలు ఉంటే చాలు. ప్రమాదంలో ఉన్న ప్రతి మిద్దెకు ఒక మంచి తాడిపత్రి ఇప్పించండి. మా ఇల్లు పక్కా కాదని రాయించండి. మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నానని విసుక్కోకండి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, మా గల్లీలోనే ఇలాంటివి పదకొండు ఉన్నాయి. మిగతావాళ్లు రాయలేరు, అందుకే నేను రాస్తున్నాను.

ఈ ఉదయమే పగులు మీద కొత్త పేపర్ ముక్క అంటించి తేదీ వేశాను. అది చినిగేలోపు ఎవరినైనా పంపండి సార్.

ఇట్లు,
మట్టి మిద్దెలో ఉంటున్న ఒక తల్లి
పాలమూరు