పతరా తీరంలో రాత్రి బస కుదరదు

సంపాదకులకు నమస్కారం.

తుర్కియే దక్షిణ తీరంలోని పతరా గురించి గత ఆదివారం మీ యాత్రా శీర్షికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది గానీ, సూర్యాస్తమయం చూశాక వెన్నెల్లో ఆ ఇసుకమీదే గడపమన్న సలహాను సరిదిద్దవలసి ఉంది. మే నుంచి అక్టోబరు దాకా రాత్రిపూట అక్కడ ఎవరినీ ఉండనివ్వరు. సుమారు 18 కిలోమీటర్ల ఆ తీరం లాగర్‌హెడ్ సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. 1990 నుంచి ప్రత్యేక పర్యావరణ పరిరక్షణ ప్రాంతం కూడా. వెలుతురో అలికిడో తగిలితే ఒడ్డెక్కిన తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. సుమారు రెండు నెలలకు రాత్రివేళ బయటపడే పిల్లలు సముద్రం మీది వెలుగును ఆనవాలు పట్టి పాకుతాయి గనుక, ఒడ్డున సెల్‌ఫోన్ టార్చి వెలిగినా దారి తప్పుతాయి.

రెండేళ్ల కిందట జూన్‌లో మా అక్కయ్యతో కలిసి పొద్దున్నే వెళ్లినప్పుడు, నీటి అంచు నుంచి ఇసుక దిబ్బల దాకా ట్రాక్టరు చక్రం దొర్లినట్టు ఒక జాడ, పక్కనే తిరిగి వెళ్లిన మరో జాడ కనిపించాయి. అక్కయ్య గొడుగు కర్ర గుచ్చబోతుంటే అక్కడి కాపలా మనిషి పరుగున వచ్చి, గుడ్లున్న వైపు కాక తడి ఇసుక దగ్గరకు జరగమని సైగ చేశాడు. మాకు అతని భాష రాదు, అయినా విషయం అర్థమైంది.

పతరా పురాతన నగర శిథిలాలకు మీ వ్యాసం ఒక్క వాక్యమే కేటాయించడం మరో లోటు. తీరానికి దారి వాటి మధ్య నుంచే పోతుంది. మూడు తోరణాల ద్వారం, ప్రాచీన లిసియా ప్రాంత నగరాల సమాఖ్య సభామందిరం, క్రీ.శ. 64-65లో నీరో చక్రవర్తి కాలంలో కట్టిన దీపస్తంభం అక్కడివే. అపొస్తలుడైన పౌలు ఓడ మారిన రేవు ఇదే కాబట్టి, తెలుగు బైబిలు చదివేవారికి ‘పతర’ అన్న పేరు కొత్త కాదు. నది తెచ్చిన ఒండ్రుతో, గాలి తోలిన ఇసుకతో పూడిపోయిన ఆ రేవు నేడు రెల్లు పెరిగిన చిత్తడి నేల. రేవును మింగిన ఇసుకే తాబేళ్లకు పురిటిగది కావడం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది.

వేసవి సెలవులకు ప్రయాణం కట్టేవారు ఆ సలహా నమ్మి ఇబ్బంది పడకముందే సవరణ ప్రచురించగలరు. బసకు పక్కనే గెలెమిష్ ఊరుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ