ఆకలి తగ్గించే మందులు: వైద్యుడి చీటీ తప్పనిసరి

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి, పెళ్లి ముహూర్తం దగ్గరపడిందనో, తెలిసినవారు వాడి సన్నబడ్డారనో, వైద్యుణ్ణి కలవకుండానే వాటి కోసం వాకబు చేసేవారిని చూస్తే నాకు భయం వేస్తోంది. ఆకలిని చంపే సిబుట్రమిన్ మాత్రలు గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతున్నాయని తేలాక 2011లో మన ప్రభుత్వం వాటిని నిషేధించింది.

కొత్త మందులు వేరే రకానికి చెందినవి, తగిన రోగికి నిజంగా మేలు చేస్తాయి. అయితే వెగోవీని వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలనెలా పెంచడానికి కారణం ఉంది; ఒకేసారి పెద్ద మోతాదు వేసుకుంటే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మధుమేహానికి ఇప్పటికే గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడుతున్నవారికి (మన ఇళ్లలో వీరు తక్కువేమీ కాదు) చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, ఆ మధుమేహ మందుల మోతాదును వైద్యుడే సరిచేయాలి. గర్భం కోరుకునే స్త్రీలు కనీసం రెండు నెలల ముందే వెగోవీ ఆపాలి. ఈ ఇంజెక్షన్లు వాడుతుండగా పైకడుపులో మొదలై వీపు వైపు పాకే తీవ్రమైన నొప్పి క్లోమగ్రంథి వాపు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చీటీ లేకుండా ఇలాంటి మందులు ఎవరికీ అందకుండా ఉభయ రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు దుకాణాల్లో తనిఖీలు పెంచాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్